బండి మీద బంగారు అక్షరాలు: రేటు ఎట్లా కట్టాలి?



పోయిన ఏడాది మన సొసైటీకి మయ్యత్ బండి వచ్చినప్పుడు దాని మీద పేరు ఎట్లా రాయించాలన్న దగ్గర కమిటీలో చిన్న తకరారు వచ్చింది. ఒక దాత "నా తరఫున బంగారు అక్షరాలతో రాయించండి" అన్నారు. పెయింటర్‌ను పిలిచి అడిగితే పందొమ్మిది వేల చిల్లర చెప్పాడు. "గోల్డ్ స్టిక్కర్ వేస్తే మూడు వేలకు అయిపోతుంది గదా, మిగతా పదహారు వేలు ఎవరి జేబులకు పోతయి?" అని ఒక పెద్దాయన అడిగారు. ప్రశ్న న్యాయమైందే. సొమ్ము అమానత్ అయినప్పుడు ఎవరో ఒకరు అడగాల్సిందే. ఖర్జె హసనా లెక్కలు చూడటానికి ముందు నేను ఇరవై ఏళ్లకు పైగా బోర్డులు, బండ్లు రాసినవాణ్ని కాబట్టి జవాబు చెప్పే పని నా మీద పడింది. ఆ రోజు మీటింగులో సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఈ సంచికలో రాయమన్నారు.

బంగారు అక్షరాల సంగతి మయ్యత్ బండితో మొదలు కాలేదు. అంతకు ముందే మన చేయి ఒకసారి కాలింది.

టేకుమట్ల 2016 అక్టోబరులో కొత్త జిల్లాలతో పాటు మండలం అయింది. అంతకు ముందు చిట్యాల మండలంలో ఉండేది. మండలం అయ్యాక ఆఫీసులు వచ్చాయి, వాటితో పాటు నాలుగు దుకాణాలు పెరిగాయి. అట్లా ఒక కుర్రవాడు బోర్డులు రాసే షాపు పెట్టుకుంటానని వస్తే మనం ముప్ఫై వేలు ఖర్జె హసనా ఇచ్చాం, నెలకు పదిహేను వందల కిస్తు. చెయ్యి మంచిది. ఫ్లెక్సీలు వచ్చాక గోడ రాతలు పోయాయి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు హైసెక్యూరిటీ నంబరు ప్లేట్లు కంపెనీ నుంచే వస్తున్నాయి కాబట్టి నంబరు రాసే పనీ పోయింది. మిగిలింది ట్రాక్టర్ ట్రాలీలు, డీసీఎంలు, హార్వెస్టర్లు, భూపాలపల్లి వైపు తిరిగే లారీలు. వాటి మీద పిల్లల పేర్లు, 786, మాషా అల్లాహ్, దేవుళ్ల పేర్లు, హారన్ ప్లీజ్. ఆ పని మీదే బతుకుతున్నాడు.

ఒక హార్వెస్టర్ యజమాని వచ్చి పేరు అసలు బంగారంతో రాయమన్నాడు. నలభై అక్షరాలు. మామూలు ఎనామిల్‌కు అక్షరానికి యాభై తీసుకునే పిల్లవాడు, "బంగారం గదా, మూడింతలు అడుగుదాం" అనుకుని అక్షరానికి నూట యాభై చెప్పాడు. మొత్తం ఆరు వేలు. మాట ఇచ్చాక హైదరాబాద్ పోయి బంగారు వరఖు ధర అడిగాడు. రెండు పుస్తకాలు పట్టింది, ఒక్కొక్కటి నాలుగున్నర వేలు. పని మొదలు పెట్టకముందే మూడు వేలు లోటు. మాట తప్పడానికి మొహం చెల్లక పని చేసేశాడు. యజమాని నాలుగు వేలు చేతిలో పెట్టి మిగతాది పంట మీద ఇస్తానన్నాడు. మూడు నెలలు మనకు కిస్తు రాలేదు. మేము రిజిస్టర్‌లో ఆ పేరు ఎదుట ఎర్ర సిరాతో గుర్తు పెట్టాం. ఎందుకు కట్టలేదని అడిగినవాళ్లం, ఆ పని ఎంతకు ఒప్పుకున్నావు బేటా అని ఒక్కరమూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ రేటు తప్పని చూడగానే చెప్పగలిగినవాణ్ని కమిటీలో నేనొక్కణ్నే.

అందుకే ఈ లెక్క దాతలకు కూడా తెలియాలని రాస్తున్నాను. మీరు ఇచ్చిన ముప్ఫై వేలు కరిగిపోయింది సోమరితనం వల్ల కాదు, అక్షరాల లెక్క వల్ల.

ముందు బంగారం ఎంత పడుతుందో చూద్దాం. మిఠాయి మీద వేసే వెండి వరఖు మనకు తెలుసు. చార్మినార్ దగ్గర వరఖు కొట్టేవాళ్ల సుత్తి చప్పుడు విన్నవాళ్లు మనలో చాలామందే ఉంటారు. బంగారు వరఖు కూడా అదే పద్ధతి, కొట్టి కొట్టి పలచన చేస్తారు. అయితే తినే వరఖు బండికి పనికిరాదు. వెండి గాలికి నల్లబడుతుంది. తినే బంగారు వరఖు అంచులు చినిగి, మందం ఒక తీరుగా ఉండదు. రాత పనికి వాడేది చదరంగా కత్తిరించి, పలచటి కాగితాల మధ్య పెట్టి, పుస్తకానికి ఇరవై ఐదు చొప్పున అమ్ముతారు. జర్మనీలో ష్వాబాహ్ అనే ఊరు ఈ పనికి పేరు మోసింది. మన దగ్గరికి వచ్చేది చాలావరకు బయటి దేశాల సరుకే. బండ్లకు ఇరవై మూడు కేరట్లకు తగ్గకూడదు. తగ్గితే అందులో కలిసిన రాగి, వెండి ఎండకూ వానకూ మసకబారతాయి.

ఒక వరఖు ఎనిమిది సెంటీమీటర్ల చదరం. మందం మిల్లీమీటరులో పదివేల వంతు. గుణించి చూస్తే ఒక్కో వరఖులో ఉండే బంగారం పన్నెండు మిల్లీగ్రాములు. పుస్తకం మొత్తం కలిపినా గ్రాములో మూడో వంతు కన్నా తక్కువ. 2015లో పది గ్రాముల మేలిమి ఇరవై ఆరు వేల దగ్గర ఉండేది, 2025 ఏప్రిల్‌లో లక్ష తాకింది. లెక్క సులువు కోసం గ్రాము పదివేలు అనుకుంటే ఒక వరఖులో నూట ఇరవై రూపాయల బంగారం ఉంటుంది. పుస్తకానికి మూడు వేలు. కొట్టిన కూలి, కాగితం, దిగుమతి, దుకాణదారు లాభం కలిపి నాలుగున్నర వేలు అవుతుంది. ఈ లెక్క చెప్పగానే మీటింగులో ఒకరు నవ్వారు. "ఇంతేనా బంగారం? మా అమ్మాయి ముక్కుపుడకలో ఇంతకన్నా ఎక్కువే ఉంటది" అన్నారు. నిజమే. బండి నిండా బంగారు అక్షరాలు రాస్తే పట్టేది అరగ్రాము. అందుకే బంగారు అక్షరాల పనిలో బంగారం ఎంత అని అడిగితే సగం జవాబే దొరుకుతుంది.

ఇక అక్షరం. అక్షరానికి ఇంత అని చెప్పడం ఇంగ్లీషు బోర్డుల నుంచి వచ్చిన అలవాటు. అక్కడ అక్షరాలు విడివిడిగా, ఒకే ఎత్తులో నిలబడతాయి. తెలుగు అట్లా కాదు. "స్వచ్ఛంద సేవా సంస్థ" అన్న మాట తీసుకోండి. లెక్కపెడితే ఏడు అక్షరాలు. కానీ మూడు వత్తులు ఉన్నాయి, రెండు సున్నలు ఉన్నాయి, ఏత్వమూ దీర్ఘమూ ఉన్నాయి. పని పది పన్నెండు అక్షరాలది. పైగా వత్తు కిందికి దిగుతుంది కాబట్టి వరుస ఎత్తు పెరుగుతుంది, బండి రేకు మీద స్థలం మిగలదు. "రమ" రాసినా ఒక్క అక్షరానికి అంతే, "లక్ష్మి" రాసినా అంతే అంటే పెయింటర్ మునుగుతాడు, లేదా రమ అనే ఆవిడ నష్టపోతుంది. ఉర్దూ, అరబీ అయితే అక్షరానికి రేటే కుదరదు. అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి, నుక్తాలు వేరు, జబర్ జేర్ పేష్ వేరు. కలిమాను అక్షరం లెక్కన అమ్మడం వినడానికే బాగుండదు.

కాబట్టి మొదట కొలత. రాత పట్టే స్థలం పొడవు, ఎత్తు అంగుళాల్లో కొలవాలి. నాలుగంగుళాల తెలుగు అక్షరం పదహారు చదరపు అంగుళాల గడిలో కూర్చుంటుంది. అందులో బంగారం పడేది గీత ఉన్నచోటే, సుమారు మూడో వంతు. ఒక వరఖు దాదాపు పది చదరపు అంగుళాలు, కానీ ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కించి వేయాలి, అంచులు రాలిపోతాయి. అందుకని అంత అక్షరానికి ఒక వరఖు అనుకుంటే సరిపోతుంది. పద్దెనిమిది అక్షరాల పేరు బండికి రెండు వైపులా రాస్తే ముప్ఫై ఆరు, పావు వంతు వేస్టేజి కలిపితే నలభై ఐదు. రెండు పుస్తకాలు. మన పెయింటర్ పందొమ్మిది వేల రేటు ఈ కొలత మీదే చెప్పాడు. హార్వెస్టర్ దెబ్బ తిన్న పిల్లవాడే, ఈసారి కొలబద్ద తీసుకుని వచ్చాడు.

ఇక చేతి పని. చూసినవాళ్లు తక్కువ కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

రేకు మీద ఉన్న జిడ్డు, మైనం పోయేదాకా కడగాలి. మెత్తటి నీటి కాగితంతో మెరుపు తీయాలి. రంగు కొత్తగా వేసిన బండి అయితే అది పూర్తిగా ఆరే దాకా ముట్టుకోకూడదు. లేకపోతే వరఖు అక్షరం మీద అంటుకున్నట్టే అక్షరం చుట్టూ కూడా అంటుకుంటుంది. అందుకే ముందు టాల్కం పౌడరు గుడ్డలో కట్టి అద్దుతారు. తరువాత ఖాకా. అక్షరాలను కాగితం మీద గీసి, గీత వెంట సూదితో సన్నటి బెజ్జాలు పొడిచి, ఆ కాగితాన్ని రేకుకు అంటించి బొగ్గుపొడి మూటతో తడితే చుక్కల్లో అక్షరం పడుతుంది. రెండు వైపులా ఒకే తీరుగా రావాలంటే ఇదే దారి. అరబీ రాత అయితే ఖాకా దగ్గరే ఆగి ఆలిమ్ గారికి చూపించాలి. ఒక నుక్తా తప్పు పడితే కాగితం మీద దిద్దడానికి నిమిషం పడుతుంది. బంగారం పడ్డాక దిద్దాలంటే ఆ వైపు మొత్తం గీకాలి.

అటు తరువాత జిగురు వార్నిష్. పనివాళ్లు దాన్ని గోల్డ్ సైజ్ అంటారు. అక్షరం అసలు రాసేది ఇక్కడే, కుంచెతో, పలచగా, ఒక్క ఊపులో. బంగారం దాని మీద కూర్చునేదే తప్ప అక్షరాన్ని దిద్దదు. జిగురులో తొందరగా ఆరేది ఉంది, రాత్రంతా పట్టేది ఉంది. ఆలస్యంగా ఆరేదాని మీద బంగారం ఎక్కువ మెరుస్తుంది. వేలి వెనుక కణుపుతో తాకితే తడి అంటకుండా చిన్న టక్ మని శబ్దం రావాలి. అప్పుడే వరఖు వేయాలి. అరగంట ముందు వేస్తే బంగారం మునిగి మసకబారుతుంది, గంట ఆలస్యమైతే అంటదు. ఆ సమయం రాత్రి రెండింటికి వస్తే రాత్రి రెండింటికే లేవాలి. వానాకాలం జిగురు ఎప్పుడు ఆరుతుందో ఏ ఉస్తాద్ కూడా ముందే చెప్పలేడు.

వరఖు వేసేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. అతిశయోక్తి కాదు, గట్టిగా నిట్టూరిస్తే నూట ఎనభై రూపాయలు ఎగిరి గోడకు అంటుకుంటాయి. మన పెయింటర్లు మామూలుగా వేపచెట్టు నీడన బండి ఆపి రాస్తారు. చెట్టు కింద బంగారం పని కాదు. నాలుగు గోడలు కావాలి, తలుపు మూయాలి, మే నెల అయినా ఫ్యాన్ ఆపాలి. ధాన్యం నింపని గోదాము ఒక రోజు అద్దెకు తీసుకోవాలి. అక్కడ వరఖు వేసి, మెత్తటి దూదితో అద్ది, మఖ్మల్ గుడ్డతో తిప్పి మెరుగు పెట్టి, రాలిన పొడి తుడిచి, అప్పుడు నల్లటి అవుట్‌లైన్, కింద షేడ్ ఇస్తారు. షేడ్ లేకపోతే మధ్యాహ్నం ఎండలో బంగారం అద్దంలా మెరిసి అక్షరమే కనబడదు. ఆఖరికి పైన క్లియర్ వార్నిష్. బంగారం ఇరవై ఏళ్లు నిలుస్తుంది. బండి రోజూ కడిగే బ్రష్షుకు ముందు పోయేది ఆ వార్నిషే, దాన్ని మధ్యలో ఒకసారి మళ్లీ వేయించుకోవాలి.

ఇదంతా కలిపితే పద్దెనిమిది అక్షరాలు రెండు వైపులకు ముప్ఫై రెండు గంటలు. గంటకు ఎంత? నేను చూసినంతలో చాలామంది పనివాళ్లు తప్పేది ఇక్కడే. ఇంటి ఖర్చు నెలకు పద్దెనిమిది వేలు, షాపు కిరాయి, కరెంటు కలిపి మూడు వేలు, పరకాలకూ వరంగల్‌కూ సామానుకు తిరిగే పెట్రోలు, కుంచెలు మూడు వేలు. మొత్తం ఇరవై నాలుగు వేలు. నెలకు పాతిక రోజులు, రోజుకు ఎనిమిది గంటలు, మొత్తం రెండు వందల గంటలు. ఇరవై నాలుగు వేలను రెండు వందలతో భాగిస్తే గంటకు నూట ఇరవై. ఈ లెక్క పుస్తకంలో సరైంది, బజారులో తప్పు. రెండు వందల గంటల్లో కుంచె చేతిలో ఉండేది నూట ఇరవై గంటలే. మిగతావి బేరమాడటానికి, సామాను తేవడానికి, బాకీ కోసం తిరగడానికి, వాన తగ్గే దాకా కూర్చోవడానికి పోతాయి. ఆ గంటలకు డబ్బు ఎవరూ ఇవ్వరు, కానీ ఆ గంటల్లో కూడా పిల్లలు అన్నం తింటారు. కాబట్టి ఇరవై నాలుగు వేలను నూట ఇరవైతో భాగించాలి. గంటకు రెండు వందలు. ఖర్జె హసనాకు దరఖాస్తు పెట్టే ప్రతి పనివాడితో ఇప్పుడు మేము మొదట ఈ భాగారమే చేయిస్తున్నాం.

రెండు పుస్తకాల వరఖు తొమ్మిది వేలు. జిగురు, రంగులు, వార్నిష్, టేపు, కాగితం పన్నెండు వందలు. ముప్ఫై రెండు గంటలు ఆరు వేల నాలుగు వందలు. గోదాము, పెట్రోలు తొమ్మిది వందలు. మొత్తం పదిహేడున్నర వేలు. దాని మీద పదో వంతు చెడిపోయే పనికి. పందొమ్మిది వేల రెండు వందల యాభై. ఇందులో అసలు బంగారం విలువ ఐదున్నర వేలు, మూడో వంతు కూడా కాదు. బేరమాడి మూడు వేలు తగ్గిస్తే అది బంగారంలోంచి తగ్గదు, హైదరాబాద్ దుకాణదారు పైసా వదలడు. ఆరు వేల నాలుగు వందల్లోంచి తగ్గుతుంది.

ఆ పదో వంతు ఎందుకని కూడా అడిగారు. నా యవ్వనంలో ఒక ఊళ్లో ఆస్పత్రి బండికి రాస్తున్నాను. ఒక వైపు జిగురు వేసి, ఆరడానికి గంట టైం ఉందని చాయ్ తాగుతున్నాను. కాన్పు కేసు వచ్చింది. బండి ఆపమని ఏ నోటితో అంటాం? పోయింది. మట్టిరోడ్డు మీద పోయి మళ్లీ వచ్చేసరికి నా అక్షరాలన్నీ దుమ్ముతో నిండుగా, చక్కగా కనబడుతున్నాయి, బంగారం బదులు ఎర్రమట్టి. టర్పెంటైన్‌తో తుడిచి మళ్లీ మొదటి నుంచి. ఆ రోజు కూలి నాకు ఎవరూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. మయ్యత్ బండి అంతకన్నా కష్టం. మరణం టైం చెప్పి రాదు. గర్మిళ్లపల్లి నుంచి ఫోన్ వచ్చినా, పక్క మండలం నుంచి వచ్చినా బండి కదలాలి. నాలుగు రోజులు షెడ్డులో ఆపుతామంటే ఆ నాలుగు రోజుల్లో ఎవరి ఇంట్లోనో తాళ్లూ ట్రాక్టరూ వెతుక్కోవాల్సి వస్తుంది. మన పెయింటరే దీనికి ఉపాయం చెప్పాడు. "చాచా, అల్యూమినియం ప్లేట్ల మీద షాపులనే రాస్త. ఆరినంక పట్టుకొచ్చి బండికి బిగిస్త. గంటల పనైతది." ప్లేట్ల ఖర్చు పెరుగుతుంది, బండి ఆగదు. రేపు బండి మారినా ప్లేట్లు విప్పుకోవచ్చు.

స్టిక్కర్ మాట. స్టిక్కర్‌ను తక్కువ చేసి మాట్లాడను. మూడేళ్లలో అమ్మేసే ఆటోకు బంగారం ఎందుకు? గోల్డ్ వినైల్ కంప్యూటర్‌లో కత్తిరించి సాయంత్రానికి అంటించేస్తారు. రెండు మూడు ఎండాకాలాలకు అంచులు లేస్తాయి, మళ్లీ వేయించుకుంటారు. అది నిజాయితీ గల సరుకు, స్టిక్కర్ అని చెప్పి స్టిక్కర్ అమ్ముతారు. నా అభ్యంతరం మూడో రకం మీద. రాగి, జింకు కలిపిన ఇత్తడి రేకు కూడా వరఖు రూపంలోనే దొరుకుతుంది, వేసిన రోజు బంగారానికి అక్కచెల్లెలిలా ఉంటుంది. పైన వార్నిష్ కొంచెం పగిలితే చాలు, నల్లగా, పచ్చగా చిలుము పడుతుంది. దాన్ని ఇమిటేషన్ అని చెప్పి ఇమిటేషన్ రేటుకు చేస్తే తప్పు లేదు. బంగారం అని చెప్పి వేస్తే మోసం. పోల్చుకోవడం కష్టం కాదు. పని మొదలు పెట్టే ముందు వరఖు పుస్తకం చూపించమనండి. ఇత్తడి రేకు పెద్ద చదరం, వేళ్లతో పట్టుకుని ఎత్తవచ్చు. అసలు బంగారం వేలికి తగిలితే అంటుకుపోయి మాయమవుతుంది. వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తే అసలు వరఖు గుండా పచ్చటి కాంతి కనబడుతుంది. పసుపు కాదు, ఆకుపచ్చ. మొదటిసారి చూసినవాళ్లు నమ్మరు.

ఇక మీటింగులో నిజంగా కష్టమైన ప్రశ్న రేటు గురించి కాదు, జేబు గురించి. పందొమ్మిది వేలు న్యాయమైన రేటే అనుకుందాం, అది ఎవరి డబ్బు? జకాత్ సొమ్ము అయితే మాటే లేదు. మన హనఫీ మస్లక్‌లో జకాత్ హక్కుదారు చేతికి అతని సొంతంగా అందాలి. బండికీ, దాని రాతకూ అది వాడకూడదు. సదఖా, చందాల సొమ్ము సంగతేమిటి? పన్నెండో శతాబ్దపు మర్గీనానీ గారి హిదాయాలో మస్జిద్ అలంకరణ గురించి ఒక మాట ఉంది. ఎవరైనా తన సొంత డబ్బుతో మస్జిద్‌కు గచ్చు పని, బంగారు నీటి పని చేయిస్తే దోషం లేదు. కానీ ముతవల్లి వక్ఫ్ సొమ్ముతో కట్టడం గట్టిగా ఉండటానికి కావలసిందే చేయాలి. నగిషీకి ఖర్చు పెడితే ఆ డబ్బు తనే కట్టుకోవాలి. అది మస్జిద్ గురించిన మసాయిల్. బండికి కూడా అదే జాగ్రత్త మంచిదని ఆలిమ్ గారు అన్నారు. కమిటీలో ఉన్నవాళ్లం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. సొసైటీ ఖాతాలోంచి చెక్కు రాసి ఉంటే ఆ పందొమ్మిది వేలకు పూచీ మాదే.

ఇంకో వైపు కూడా ఉంది. "మన బండే గదా బేటా, సవాబ్ కోసం ఊరికే రాయి" అని ఒకరిద్దరు ఆ అబ్బాయితో అన్నారట. మంచి మనసుతోనే అన్నారు. కానీ అతడు మనకు బాకీ ఉన్నవాడు. మనం అడిగితే కాదనలేడు. కాదనలేనివాడి దగ్గర తీసుకున్నది సదఖా ఎట్లా అవుతుంది? అతను తన ఇష్టంతో, కూలి చేతిలో పడ్డాక, అందులోంచి ఇస్తే అది వేరు. పని మొదలు కాకముందే కూలి ఎంతో తెలిసి ఉండాలన్నది ఇజారా షరతు. తెలియకుండా చేయిస్తే ఒప్పందమే చెడుతుంది, బజారులో ఆ పనికి నడిచే కూలి ఇవ్వాల్సి వస్తుంది. పనివాడి కూలి ఎప్పుడు ఇవ్వాలో చెప్పే హదీసు మీ అందరికీ తెలిసిందే. మా చేతి పని వాళ్ల అనుభవంలో దాన్ని ఎక్కువ మరచిపోయేది పెద్ద బండ్లు ఉన్నవాళ్లే. బంగారం పనికి సగం డబ్బు ముందే ఇవ్వాలి, ఎందుకంటే వరఖు దుకాణంలో అప్పు లేదు. మిగతా సగం బండి కదిలే లోపు.

అమెరికాలో ఫైరింజన్ల మీద ఇప్పటికీ అసలు బంగారు వరఖుతో రాయించడం ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ మంటలార్పే దళాలు చాలావరకు స్వచ్ఛందంగా నడిచేవి. ఊరి జనం చందాలతో కొన్న బండిని ఊరి గౌరవంగా చూసి, పక్క ఊరితో పోటీ పడి మరీ అలంకరించేవారు. ఆ ఉత్సాహం మనకూ అర్థమవుతుంది. మన బండి కూడా చందా బండే. అయితే మన బండిలో చివరికి పడుకునేవాడు తెల్లటి కఫన్‌లో ఉంటాడు, అది కూడా మీటింగులో ఒక పెద్దమ్మ గుర్తు చేశారు. ఆవిడ మాట తరువాత చర్చ చాలా తేలికైంది.

చివరికి జరిగింది ఇది. సొసైటీ పేరు, ఫోన్ నంబర్లు మామూలు పసుపు ఎనామిల్‌తో, నల్ల షేడ్‌తో రాయించాం. రాత్రి వేళ ఫోన్ నంబరు కనబడాలి, అది అవసరం, సొసైటీ ఖర్చు. కలిమా మాత్రం బంగారంలో, రెండు ప్లేట్ల మీద, ఆ దాత సొంత డబ్బుతో. ఆయన తన పేరు కూడా ఒక మూల చిన్నగా వేయమంటారేమోనని భయపడ్డాం, అడగలేదు, అల్లాహ్ ఆయనకు మంచి ప్రతిఫలం ఇవ్వుగాక. ప్లేట్లు కిటికీల పైన, కప్పు కింద బిగించాం. బురద చిమ్మే చోట, మనిషి కాలు తగిలే చోట ఆ అక్షరాలు ఉండకూడదు. కొందరు ఉలమా బండ్ల మీద అసలే వద్దంటారు కాబట్టి ఈ విషయంలో ముందే అడిగి తేల్చుకున్నాం.

లెక్క మీ ముందు పెడుతున్నాను. ఒక్కో వైపు ముప్ఫై అంగుళాల పొడవు, ఏడంగుళాల ఎత్తు. వరఖు ఒక పుస్తకం నాలుగున్నర వేలు. జిగురు, రంగు, వార్నిష్ తొమ్మిది వందలు. అల్యూమినియం ప్లేట్లు రెండు పద్నాలుగు వందలు. ఇరవై రెండు గంటలు నాలుగు వేల నాలుగు వందలు. గోదాము ఐదు వందలు, పెట్రోలు మూడు వందలు. పన్నెండు వేలు. పదో వంతు కలిపి పదమూడు వేల రెండు వందలు. దాత ఎనిమిది వేలు ముందు ఇచ్చారు, మిగతాది ప్లేట్లు బిగించిన సాయంత్రం మస్జిద్ బయట ఇచ్చారు. పెయింటర్ అక్కడికక్కడే మూడు వేలు లెక్కపెట్టి పాత కిస్తుల కింద నా చేతిలో పెట్టాడు. నేను వద్దనలేదు. ఎర్ర సిరా గుర్తు మీద గీత కొట్టి పక్కన సంతకం చేశాను.

ఒక్కో వైపుకు పది వరఖులు పట్టాయి. ఐదు మిగిలాయి. పుస్తకం దాత డబ్బుతో కొన్నది కాబట్టి అవి తనవి కావని ఆ అబ్బాయి తిరిగి ఇచ్చాడు. దాత గారు సొసైటీకే ఉంచమన్నారు. మన ఖజాంచి గారు స్టాకు రిజిస్టర్ తిరగేసి, కుర్చీలు, గిన్నెలు, కఫన్ గుడ్డ ఉన్న పేజీలో "బంగారు వరఖు, ఐదు" అని రాసి, పుస్తకాన్ని బీరువాలో ఫ్యాన్ గాలి తగలని అరలో పెట్టారు.